గేటు బయట బోర్డు, గేటు లోపల మేము: లైబ్రరీ ప్రాజెక్టు డైరీ

జూన్ 16, 2025, సోమవారం

ఇవాళ్టి నుంచి దీన్ని రాసి పెట్టుకోవాలని డిసైడయ్యా. ప్రాజెక్టు అంటే పెద్ద గ్రాంటూ గీంటూ ఏం లేదు. మా యూనివర్సిటీ లైబ్రరీలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా నేను, నాతో ఇద్దరు స్టాఫ్, ఈ ఏడాదే ఎంఎల్‌ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్‌లో పీజీ) అయిపోయి ఏ నోటిఫికేషన్ పడుతుందా అని ఎదురుచూస్తున్న ఒక అమ్మాయి, అంతే టీమ్.

అసలు ఇది ఎలా మొదలైందంటే, పోయిన నెల గేటు బయట జెరాక్స్ షాపులో ఆధార్ కాపీ తీయించుకోడానికి నిలబడితే గోడమీద బోర్డు కనిపించింది. థీసిస్ టైపింగ్, రిఫరెన్సులు సెట్టింగ్, జర్నల్ పబ్లికేషన్ చేయించబడును, ప్లేజరిజం తగ్గించబడును. (ప్లేజరిజం అంటే ఇంకొకరి రాత కాపీ కొట్టడం.) అదే టైంలో మా స్కాలర్ ఒకతను అక్కడ 200 ఇచ్చి ఒక ఆర్టికల్ పీడీఎఫ్ తీయించుకుంటున్నాడు. ఆ జర్నల్ మా లైబ్రరీలో ఫ్రీగా వస్తుంది! ఏం బాబూ మమ్మల్ని అడగొచ్చు కదా అంటే, "లైబ్రరీలో అవి కూడా ఇస్తారా మేడం" అన్నాడు. మూడో సంవత్సరం స్కాలరు. కోపం అతని మీద రాలేదు, మా మీద వచ్చింది. మా సరుకు మా గేటు బయటే అమ్ముడవుతోంది, మేం లోపల ఏసీ పనిచేయట్లేదని లెటర్లు రాసుకుంటూ కూర్చున్నాం.

మేం చదువుకునేటప్పుడు ఇన్ఫర్మేషన్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ అని సిలబస్‌లో ఒక యూనిట్ ఉండేది, పరీక్షకి పది మార్కుల ప్రశ్న, రాసేసి మర్చిపోయాం. సమాచారం వెతికిపెట్టి, సరిచేసి, అడిగినవాడికి పనికొచ్చే రూపంలో ఇచ్చి ఆ కష్టానికి డబ్బు తీసుకోవడం, క్లుప్తంగా అదీ సంగతి. ఆ జెరాక్స్ షాపాయన ఆ యూనిట్ చదవలేదు గానీ చేస్తున్నది మాత్రం అదే.

జూన్ 25

నోట్ ఫైల్ పెట్టా. లైబ్రరీ పేరుమీద ఇన్‌స్టా, వాట్సాప్ చానల్, ఒక నంబరు కావాలని. ఫేస్‌బుక్ పేజీ ఎప్పటినుంచో ఉంది, తెరిచి చూస్తే మొత్తం శాలువాలే. ఎవరు రిటైరైనా శాలువా, ఎవరొచ్చినా శాలువా, పుస్తకం ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఫైల్ మీద వచ్చిన ఏకైక ప్రశ్న, సిమ్ రీఛార్జ్ ఎవరు కడతారు అని. నేనే కడతా అని రాశా. సంతకం అయిపోయింది.

నంబరు ఎందుకంటే, వాట్సాప్ చానల్ ఒకవైపు రోడ్డులాంటిది, మనం పంపొచ్చు, చూసేవాళ్లు మహా అయితే ఒక ఎమోజీ కొడతారు, తిరిగి ప్రశ్న అడగలేరు. మా స్టాఫ్‌లో ఆడవాళ్లం ఉన్నాం, సొంత నంబర్లు ఇచ్చే ప్రసక్తే లేదు, రాత్రి పదకొండింటికి "హాయ్ మేడం" అని మొదలవుతుంది. అందుకే విడిగా సిమ్, అందులో వాట్సాప్ బిజినెస్ యాప్. దాంట్లో లేబుల్స్ పెట్టుకోవచ్చు, ఒకే జవాబు పదిసార్లు టైప్ చేయకుండా షార్ట్‌కట్‌గా దాచుకోవచ్చు. ఫోన్ కౌంటర్ దగ్గరే ఉంటుంది, సాయంత్రం ఐదున్నరకి డ్రాయర్లో పెట్టి తాళం.

జూలై 4

మొదటి మూడు రీల్స్ అట్టర్ ఫ్లాప్. కొత్తగా వచ్చిన పుస్తకాల మీద ఒకటి, రీడింగ్ హాల్ టైమింగ్స్ మీద ఒకటి, నిశ్శబ్దం పాటించండి అని ఒకటి (ఇది నా ఐడియానే, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది). చూసింది నలభై మంది, అందులో సగం మా చుట్టాలు.

నాలుగోది మా టీమ్‌లో నోటిఫికేషన్ కోసం చూస్తున్న ఆ అమ్మాయి చేసింది. ఫోన్ పట్టుకుని హాస్టల్ మెట్లమీద కూర్చుని, "ఇంటిదగ్గర ఉండి కూడా మన యూనివర్సిటీ జర్నల్స్ చదవొచ్చు, ఇదిగో ఇలా" అని ఇన్‌ఫెడ్ లాగిన్ (బయటినుంచి జర్నల్స్ తెరిచే తాళంచెవి లాంటిది) చూపించింది, అంతే. సంగతేంటంటే కేంద్ర క్యాబినెట్ 2024 నవంబర్ 25న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (సర్కారే చందా కట్టి అందరికీ జర్నల్స్ తెరిచే పథకం) ఓకే చేసింది, 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకి 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దగ్గర దగ్గర 13,000 జర్నల్స్, ఈ జనవరి నుంచే అమల్లో ఉంది, గవర్నమెంట్ యూనివర్సిటీలూ కాలేజీలూ రీసెర్చ్ సంస్థలూ కలిపి 6,300కి పైగా దీని కిందికి వస్తాయి. గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ దీన్ని నడిపిస్తుంది. క్యాంపస్‌లో అయితే ఐపీతో (అంటే క్యాంపస్ నెట్ అడ్రస్‌ని గుర్తుపట్టి) దానంతటదే తెరుచుకుంటుంది, బయటినుంచి అయితే లాగిన్ కావాలి, ఆ లాగిన్ మేమే క్రియేట్ చేసి ఇవ్వాలి. ఇదంతా మాకు తెలుసు, సర్క్యులర్ కూడా పంపాం. సర్క్యులర్ డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఫీజు నోటీసు కింద పడిపోయింది పాపం.

రీల్ పెట్టిన రెండు రోజుల్లో లాగిన్ కావాలని 61 మంది అడిగారు. అంతకుముందు ఆరు నెలల్లో అడిగింది తొమ్మిది మంది.

జూలై 12

ఇవాళ ఒకటి పేలింది. పడవ లైబ్రరీల మీద చేసిన రీల్. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు వాళ్లు కృష్ణా కాలువలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య తిరిగే పడవల్లో పుస్తకాలు పెట్టి ప్రయాణికులకి చదువుకోమని ఇచ్చేవాళ్లు. బస్సులు లేని రోజులు, పడవ నెమ్మదిగా సాగుతుంది, జనం గంటలు గంటలు ఖాళీగా కూర్చుంటారు, కాబట్టి పుస్తకం అక్కడికే పోవాలి. మా అటెండర్ బాబాయ్‌ది ఆ వైపే, ఆయనతోనే చెప్పించాం, కెమెరా ముందు మొదట బిగుసుకుపోయాడు, కాలువ మాట రాగానే ఎవ్వరూ ఆపలేకపోయారు.

చూసినవాళ్లు పదకొండు వేలు. "మా తాత చెప్పేవాడు" అని కామెంట్లు, ఒకాయన డాలస్ నుంచి మెసేజ్ పెట్టారు, వాళ్ల ఊళ్లో పాత గ్రంథాలయం రిజిస్టర్లు ఇంట్లో ఉన్నాయి స్కాన్ చేస్తారా అని. చేస్తాం అన్నా, ఎలా చేస్తామో తెలీకుండానే.

కానీ ఒక మాట రాసి పెట్టుకోవాలి. ఆ పదకొండు వేలమందిలో లైబ్రరీకి వచ్చి ఏదైనా అడిగినవాళ్లు ఎంతమంది అని రాత్రి లెక్క చూస్తే, ముగ్గురు. లాగిన్ రీల్ చూసింది ఆరొందల మంది, అడిగింది 61. మా సీనియర్ సార్‌కి మాత్రం పదకొండు వేలే నచ్చింది, మీటింగులో అదే చెప్పారు. నాకు 61 నచ్చింది.

జూలై 21

ఆ అమ్మాయి ఒక తెలివైన పని చేసింది. నంబరుకొచ్చిన ప్రతి ప్రశ్ననీ, అడిగినవాళ్ల పేరు లేకుండా, ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తోంది. రెండు వారాలకి 140 ప్రశ్నలు. నేను అనుకున్నది ఏంటంటే ఎక్కువమంది పుస్తకం ఉందా లేదా అని అడుగుతారని. అది పాతికే. ఎక్కువ వచ్చిన ప్రశ్న ఏంటో తెలుసా, "మేడం ఈ జర్నల్ ఒరిజినలేనా".

దీనికో కారణం ఉంది. ఇన్నాళ్లూ యూజీసీ కేర్ లిస్ట్ అని జర్నళ్ల పేర్లతో ఒకటి ఉండేది, అందులో పేరుంటే మంచిది లేకపోతే లేదు అని కళ్లుమూసుకుని పోయేవాళ్లు. ఈ ఫిబ్రవరిలో యూజీసీ ఆ లిస్ట్‌ని ఆపేసింది, ఎవరి సంస్థ వాళ్లే చూసుకోండి అని కొన్ని సూచనలు ఇచ్చి వదిలేసింది. ఇంక చూడండి, స్కాలర్ల గ్రూపుల్లో "1500 కట్టండి మూడు రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్ ఫ్రీ" అనే ఫార్వర్డులు వర్షాకాలంలో దోమల్లా పెరిగాయి. అన్నింటిమీదా ఐఎస్‌ఎస్‌ఎన్ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఐఎస్‌ఎస్‌ఎన్ అంటే పత్రికకిచ్చే నంబరు, బండికి నంబర్ ప్లేట్ లాంటిది రా నాయనా, బండి కండిషన్ గురించి అది చెప్పదు అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

మేం చూసే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్లో ఆ నంబరు ఆ పేరుదేనా, స్కోపస్‌లో (ఎంపిక చేసిన జర్నళ్ల పెద్ద డేటాబేస్) ఉందని చెప్పుకుంటే స్కోపస్ సోర్స్ లిస్టులో నిజంగా ఉందా, ఉంటే ఇంకా నడుస్తోందా ఆపేశారా, ఎడిటర్లుగా వేసిన ప్రొఫెసర్లు తమ సొంత పేజీలో ఆ సంగతి చెప్పుకున్నారా, పోయిన సంచికలో హోమియోపతీ జీఎస్టీ తెలుగు కవిత్వం మూడూ పక్కపక్కనే ఉన్నాయా. ఒక్కోసారి మంచి జర్నల్ పేరే పెట్టుకుని దొంగ వెబ్‌సైట్ నడుపుతారు, అది పట్టుకోడానికి పబ్లిషర్ అసలు సైట్ నుంచి లోపలికి వెళ్లాలి, గూగుల్ నుంచి కాదు. ఒక్కో జర్నల్‌కి ఇరవై నిమిషాలు పడుతుంది. తేలింది ఏదైనా "చెక్ చేశాం" అని చానల్లో పెడుతున్నాం, నకిలీ అనే మాట వాడం, మేం చూసింది ఇదీ, మీరే నిర్ణయించుకోండి అంటాం. ఆ మాట అనకుండా ఉండటానికి పళ్లు బిగబట్టుకోవాల్సి వస్తోంది అప్పుడప్పుడూ.

జూలై 30

తప్పు జరిగింది. మనమే చేసిన తప్పు కాబట్టి దాచకుండా రాస్తున్నా.

చానల్‌కి తోడు టెలిగ్రామ్‌లో ఒక గ్రూప్ పెట్టాం, వాలంటీర్‌గా చేరిన ఒక పీజీ కుర్రాడు ఉత్సాహంగా గ్రూప్ వన్ పుస్తకాల పీడీఎఫ్‌లు, అన్నీ ఇప్పుడు మార్కెట్లో అమ్ముతున్నవే, పద్దెనిమిది ఎక్కించేశాడు. ఒక్క రాత్రిలో 900 మంది జాయిన్. పొద్దున్నే నేను సంబరపడి స్క్రీన్‌షాట్ కూడా తీసుకున్నా, టీ తాగాక స్క్రోల్ చేస్తే గానీ గుండె జారలేదు. మా లైబ్రరీ ముద్ర కింద పైరసీ!

అన్నీ తీసేసి గ్రూపే మూసేశాం. కుర్రాణ్ణి తిట్టలేదు, వాడికి ఎవరూ చెప్పలేదు అంతే. కూర్చోబెట్టి చెప్పా, మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు హక్కులు అలాగే ఉంటాయి అని. గురజాడ 1915లో పోయారు, ఎవరైనా వేసుకోవచ్చు, స్కాన్ చేసి పెట్టొచ్చు. చలం 1979లో పోయారు, అంటే 2039 చివరిదాకా ఆగాలి. వాడు వెంటనే, "అయితే ఎవరివి ఫ్రీయో లిస్ట్ చేద్దాం మేడం" అన్నాడు. తప్పులోంచి మంచి పని పుట్టింది, 1964 లోపు పోయిన తెలుగు రచయితల పేర్లు, తేదీలు రెండు మూడు చోట్ల సరిచూసుకుంటూ చేస్తున్నాడు. ఇంకా అవలేదు, తారీఖులు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉన్నాయి.

ఆగస్టు 12

మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి పునాది వేసిన రంగనాథన్ గారి పుట్టినరోజు, లైబ్రేరియన్స్ డే. ఈసారి శాలువాలు వద్దన్నా. క్యాంటీన్ ముందు వేపచెట్టు కింద రెండు బల్లలు, ఒక ల్యాప్‌టాప్, "అడగండి" అని చేత్తో రాసిన అట్ట. వర్షం వస్తుందేమోనని భయం, రాలేదు.

నాలుగు గంటల్లో నలభై మందికి పైగా కూర్చున్నారు. సగం పైగా రిఫరెన్సుల గోలే. అందరికీ రిఫరెన్సులు సర్దిపెట్టే జొటెరో ఇన్‌స్టాల్ చేయించాం, ఫ్రీ, ఓపెన్ సోర్స్. కానీ తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎప్పుడూ ఒకచోట ఇరుక్కుపోతారు. ఆ సాఫ్ట్‌వేర్ పేరుని రెండు గళ్లుగా అడుగుతుంది, ఇంటిపేరు ఒకటి, సొంత పేరు ఒకటి. మనకేమో ఒకరు ఇంటిపేరు ముందు పూర్తిగా రాస్తారు, ఇంకొకరు పొడి అక్షరం, కొందరికి చివర్లో రెడ్డి శాస్త్రి చౌదరి, కలం పేరుంటే దాన్ని విరగ్గొట్టనే కూడదు. సాఫ్ట్‌వేర్‌కి ఇదేం తెలుసు, ఏది చివరుంటే అది ఇంటిపేరు అనుకుని, వెనకది ముందుకి లాగి కామా పెడుతుంది. ఒక థీసిస్‌లో బిబ్లియోగ్రఫీ మొత్తం "రావు, రావు, రావు" అని వరసగా వచ్చింది. గడి పక్కన చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే రెండు గళ్లూ కలిసి ఒకటవుతాయి, పేరు ఎలా రాస్తే అలా ఉంటుంది. ఆ ఒక్క బటన్ చూపిస్తే ఒక సీనియర్ స్కాలరు, నలభై ఏళ్లావిడ, టీచర్‌గా పనిచేస్తూ పీహెచ్‌డీ చేస్తోంది, "రెండు నెలలు చేత్తో మార్చుకున్నానమ్మా" అని అలా కూర్చుండిపోయింది.

వీడియో తీశాం. మా రీల్స్‌లో ఎక్కువమంది సేవ్ చేసుకున్నది ఇదే, లైకులు మాత్రం తక్కువ.

ఆగస్టు 26

నంబరు మోగుతూనే ఉంది. డబ్బు కట్టాల్సిన పేపర్లని అనుమతి లేకుండా ఫ్రీగా ఇచ్చే సై హబ్ అనే సైట్‌ని ఢిల్లీ హైకోర్టు బ్లాక్ చేయమని ఆర్డర్ ఇచ్చింది, పిల్లలు బయటికి చెప్పరు గానీ సగంమంది దాని మీదే బతికేవాళ్లు. ఇప్పుడు "మేడం ఒక్క పేపర్ కావాలి" అని వస్తున్నారు. లాగిన్ ఉందిగా అంటే, లేదు, తీసుకోలేదు. సరే రండి. మా దగ్గర లేని జర్నల్ అయితే రచయితకే మర్యాదగా ఈమెయిల్ రాయమంటున్నాం, ఎలా రాయాలో నాలుగు లైన్ల నమూనా కూడా దాచిపెట్టాం, పంపినవాళ్లలో చాలామందికి పీడీఎఫ్ తిరిగొచ్చింది, ఒకాయనైతే థాంక్స్ కూడా చెప్పాడట నా పేపర్ చదువుతున్నందుకు.

రేపు వినాయక చవితి, సెలవు. ఫోన్ డ్రాయర్లో.

సెప్టెంబర్ 9

అసలు ప్రాజెక్టు ఇవాళే మొదలైందనిపిస్తోంది.

తెలుగు డిపార్ట్‌మెంట్ స్కాలర్ ఒకతను వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు. సిమిలారిటీ రిపోర్ట్ (వేరేచోట ఉన్న రాతతో ఎంత కలిసిందో సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క) సున్నా శాతం వచ్చింది మేడం! యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం 10 శాతం దాకా పర్వాలేదు, 10 దాటి 40 దాకా అయితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది, కాబట్టి సున్నా అంటే పండగే. కానీ 280 పేజీల థీసిస్‌లో సున్నా ఎలా వస్తుంది? పద్యాలు కోట్ చేశావు, శాసనాలు కోట్ చేశావు, అవి తీసేసినా ఏదో ఒకటి తగలాలి కదా.

ఫైల్ తెరిచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశా. తెలుగు రాలేదు. ఇంగ్లిష్ అక్షరాలు, కొమ్ములు, డాలర్ గుర్తులు, పిచ్చి గీతలు. అను ఫాంట్స్‌లో టైప్ చేయించాడు, గేటు బయటే. ఆ ఫాంట్లో కంటికి తెలుగే కనిపిస్తుంది గానీ లోపల కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో గీసిన బొమ్మలు. సాఫ్ట్‌వేర్ ఆ పిచ్చి గీతల్ని ప్రపంచమంతా వెతికింది, అలాంటివి ఎక్కడా లేవు, సున్నా ఇచ్చేసింది. అంటే దొంగతనం లేదని కాదు, చదవనే లేదని.

ఇదొక్కటే కాదు. థీసిస్‌లు శోధ్‌గంగలో (దేశంలోని థీసిస్‌లన్నీ ఉంచే వెబ్‌సైట్) పెట్టాలి, 2009 రెగ్యులేషన్స్ నుంచి ఉన్న రూలే. అలా పెట్టిన పాత తెలుగు థీసిస్‌లలో స్కాన్ చేసినవి, అనులో చేసినవి చాలా ఉన్నాయి, లోపల ఏ మాట వెతికినా దొరకదు. రాసినవాడి పదేళ్ల కష్టం అక్కడే ఉంది గానీ ఉన్నట్టు ఎవరికీ తెలీదు.

అతను మళ్లీ టైప్ చేయించాలంటే జెరాక్స్ షాపులో పేజీకి 30 అడిగారు, 8,400. ఫెలోషిప్ లేదు అతనికి. ఆ అమ్మాయి పక్కనుంచి, "యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేద్దాం మేడం, నేను చేస్తా" అంది. యూనికోడ్ అంటే కంప్యూటర్ తెలుగుని తెలుగుగానే దాచుకునే పద్ధతి.

సెప్టెంబర్ 19

అయింది. తొమ్మిది రోజులు.

ఎక్కడెక్కడ తన్నిందో రాసి పెడుతున్నా, వేరే లైబ్రరీ వాళ్లకి పనికొస్తుంది. పేజ్‌మేకర్ ఫైల్ నుంచి టెక్స్ట్ బయటికి తీసి కన్వర్టర్‌లో వేస్తే తొంభై శాతం పైగా బాగానే వస్తుంది, ఆ మిగిలిందే ప్రాణం తీసేది. మొదటిది, మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలు. ఫాంట్ సమాచారం పోతుంది కాబట్టి కన్వర్టర్ వాటిని కూడా అను అనుకుని తెలుగు చేసేస్తుంది, ఒక ఇంగ్లిష్ ప్రొఫెసర్ పేరు ఏదో మంత్రంలా తయారైంది. కన్వర్ట్ చేసే ముందే ఇంగ్లిష్ ముక్కల చుట్టూ ఒక గుర్తు పెట్టేస్తే ఈ గోల ఉండదు, ఇది నూటయాభై పేజీలయ్యాక తెలిసింది మాకు. రెండోది ర వత్తు, అనులో అది అక్షరానికి ముందు కొడతారు యూనికోడ్‌లో తర్వాత రావాలి, కొన్నిచోట్ల పక్క అక్షరానికి అంటుకుపోయింది. మూడోది కంటికి కనపడని నాన్ జాయినర్, అంటే "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో ట్‌ కీ వే కీ మధ్య ఉండి రెండూ వత్తుగా కలవకుండా ఆపేది, ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే వెతికేటప్పుడు అదే మాట వేరు వేరు అయిపోతుంది. నాలుగోది అరసున్నాలు. పాత కావ్యాల మీద థీసిస్ కదా, పేజీకి డజను.

ప్రూఫ్ అతనూ ఆ అమ్మాయీ ఎదురెదురుగా కూర్చుని చదువుకున్నారు. మళ్లీ రిపోర్ట్ తీస్తే 7 శాతం. సున్నా కన్నా ఏడే అతనికి ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

పేజీకి 12 లెక్కన 3,360 ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది, తీసుకోవచ్చా అన్నట్టు.

సెప్టెంబర్ 24

ఆ చూపు మీదే నాలుగు రోజులు మీటింగులు.

నేనూ మా స్టాఫూ జీతగాళ్లం. బయట వ్యాపారం చేయడానికి సర్వీస్ రూల్స్ ఒప్పుకోవు, ఒప్పుకున్నా నేను చేయను, ఎందుకంటే అదే కౌంటర్లో కూర్చుని ఫ్రీగా ఇవ్వాల్సింది "సాయంత్రం రా" అని డబ్బుకి ఇవ్వడం మొదలవుతుంది, మనిషి బుద్ధి అంతే. కాబట్టి వెతికి పెట్టడం, లాగిన్, జర్నల్ చెక్, రిఫరెన్సులు నేర్పడం, ఇవన్నీ ఫ్రీ, ఎప్పటికీ. దానికే మాకు జీతం. గంటలు గంటలు కూర్చుని చేసే చాకిరీ, అంటే కన్వర్షన్, స్కానింగ్, డేటా ఎంట్రీ, అది బయట చేసేవాళ్లు చేసుకుని వాళ్లే తీసుకుంటారు, లైబ్రరీకి పైసా రాదు. బయటి కాలేజీలకి వర్క్‌షాప్ పెడితే యూనివర్సిటీ రసీదు.

మా సీనియర్ సార్ మంచి ప్రశ్న వేశారు. ఒక్క అమ్మాయి దగ్గరికే పంపిస్తే రేపు ఇంకొకరు అడగరా అని. నిజమే. అందుకని లిస్ట్ పెట్టాం, మా దగ్గర పది రోజుల ట్రైనింగ్ తీసుకుని ఒక శాంపిల్ చాప్టర్ తప్పుల్లేకుండా చేసి చూపించినవాళ్ల పేరు అందులో ఎక్కుతుంది, ఎవరినైనా పిలుచుకోండి. ఒక్కటే షరతు, థీసిస్ రాసి పెట్టరు, ప్లేజరిజం "తగ్గించరు". మాటలు అటూ ఇటూ తిప్పి శాతం తగ్గించే పని అడిగితే లిస్ట్‌లోంచి పేరు పోతుంది.

ట్రైనింగ్‌కి ఆరుగురు వచ్చారు. ఆరోవాడు ఎవరనుకున్నారు, గేటు బయట జెరాక్స్ షాపాయన. "మీరు మా గిరాకీ పట్టుకుపోతుంటే చూస్తూ కూర్చోమంటారా మేడంగారూ" అన్నాడు నవ్వుతూనే. అను కీబోర్డ్ మీద ఇరవై ఏళ్ల చెయ్యి ఆయనది, ఏ తప్పు ఎక్కడ వస్తుందో మాకన్నా ముందే చెప్పేస్తున్నాడు. ఆ ర వత్తు సంగతి ఆయన్ని మొదటే అడిగుంటే మాకు రెండు రోజులు మిగిలేవి.

అక్టోబర్ 9

దసరా సెలవులు అయ్యాయి. ఆ అమ్మాయికి మొదటి పెద్ద పని. పక్క జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ, కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారు, 6,000 పుస్తకాలు ఇంకా యాక్సెషన్ రిజిస్టర్లోనే (పుస్తకం రాగానే చేత్తో ఎక్కించే పద్దు) ఉన్నాయి. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టించి డేటా ఎక్కించాలి, రికార్డుకి 7 రూపాయలు, బార్‌కోడ్ అతికించడం కూడా కలిపి. పడవ రీల్ చూసి వాళ్ల లైబ్రేరియన్ నంబరు వెతుక్కుని ఫోన్ చేశారట. ఆ పదకొండు వేల మీద నేను రాసింది కొంచెం వెనక్కి తీసుకుంటున్నా.

నేను ఒక ఆదివారం వెళ్లి చూసొచ్చా. ఇంగ్లిష్ పుస్తకాలకి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి రికార్డు లాగేసుకోవచ్చు, నిమిషంలో పని. తెలుగు పుస్తకాలు 1,800 ఉన్నాయి, అక్కడే ఉంది మడతపేచీ. పాత తెలుగు పుస్తకాలు ఆ అమెరికా వాళ్ల దగ్గర చాలానే ఉన్నాయి, పీఎల్ 480 అని మనకి గోధుమలు అమ్మి డబ్బు రూపాయల్లో కట్టించుకున్న రోజుల్లో ఆ డబ్బుతోనే మన పుస్తకాలు కొని పట్టుకెళ్లారు, కానీ రికార్డు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో నెత్తిన గీతలతో కాళ్ల కింద చుక్కలతో ఉంటుంది. డిగ్రీ చదివే పిల్ల అలా వెతుకుతుందా? తెలుగులో టైప్ చేయాల్సిందే. 894.827 అని తెలుగు సాహిత్యం క్లాస్ నంబర్ వేసుకుంటూ, ఒక్కో పేరూ కొట్టుకుంటూ, ఇద్దరు అమ్మాయిలు రోజుకి చెరో 80. ఏడు రూపాయలు అన్నింటికీ ఒకే రేటు ఒప్పుకోవడం తప్పు, తెలుగుకి కనీసం పన్నెండు అడగాల్సింది. చెప్పా. "తెలిసింది మేడం, నాలుగోరోజే తెలిసింది" అంది.

అక్టోబర్ 30

మొంథా తుఫాను. 28 రాత్రి తీరం దాటింది, మాకు గాలీ వానా, రెండు రోజులు కరెంట్ లేదు. స్టాక్ రూమ్ కిటికీ ఒకటి ఊడింది, కింద వరసలో పీరియాడికల్స్ కొన్ని తడిశాయి, ఫ్యాన్ గాలికి పేజీలు విప్పి ఆరబెట్టాం, మధ్యమధ్య బ్లాటింగ్ పేపర్. ఆ పని వీడియో తీసి పెట్టమంది ఆ అమ్మాయి ఫోన్లో. పెట్టాం. మీ ఇంట్లో పుస్తకాలు తడిస్తే ఎండలో పెట్టొద్దు, ఇస్త్రీ చేయొద్దు అని. కోనసీమ నుంచి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, పట్టాదారు పాసుపుస్తకం తడిసిందండీ ఏం చేయమంటారు అని ఒకావిడ. ఇది మా సిలబస్‌లో లేదు. అయినా చెప్పాం.

సాయంత్రం గేటు బయటికొస్తే జెరాక్స్ షాపు బోర్డు గాలికి ఒక మేకు మీద వేలాడుతోంది, ఆయన నిచ్చెనెక్కి బిగిస్తున్నాడు. ప్లేజరిజం తగ్గించబడును అన్న లైను మీద తెల్ల పెయింట్ కొట్టి ఉంది, ఒక్క కోటింగే, కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. దానిమీద "పాత అను ఫైల్స్ యూనికోడ్‌లోకి మార్చబడును". ఇంకో కోటింగ్ వేయరా అని అడిగితే, "గిరాకీ చూసి వేస్తాలెండి మేడంగారూ" అన్నాడు.

రేపు కరెంట్ వస్తే ఆ డాలస్ ఆయన వాళ్ల రిజిస్టర్లు స్కాన్‌కి పెట్టాలి. నాలుగు అట్టపెట్టెలు, చెదలు పట్టిన వాసన.